రష్యా కెమెరాలు, మన ఎండలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత ఫిల్ము కెమెరాల గురించి ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ‘రష్యా కెమెరా’ల గురించే ఉన్నాయి. జవాబులకు ముందు ఒక చిన్న సవరణ. జెనిట్, జోర్కి, హొరిజాంట్ కెమెరాలు మాస్కో పక్కనున్న క్రాస్నోగోర్స్క్‌లో తయారైనవి కాబట్టి వాటిని రష్యావి అనవచ్చు. ఫెడ్ కెమెరా ఖార్కివ్‌లోనూ, కీవ్ కెమెరా ఆ పేరు గల నగరంలోని ఆర్సెనల్ కర్మాగారంలోనూ తయారయ్యాయి. ఆ రెండు ఊళ్లూ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. అందువల్ల అన్నింటినీ కలిపి చెప్పవలసిన చోట ‘సోవియట్’ అనే మాటనే వాడుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో ఒక దినపత్రికకు నల్లగొండ నుంచి ఫొటోలు పంపేవారు. ఆయన వాడిన జెనిట్-ఇ కెమెరా, దానికున్న హీలియోస్ 44-2 లెన్సు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. ఒక రీలు తీసి కడిగిస్తే, తీసేటప్పుడు నాకు కనిపించని కరెంటు స్తంభాలు, పక్కవాళ్ల మోచేతులు ప్రింటు అంచుల్లో ప్రత్యక్షమయ్యాయి. కెమెరా చెడిపోయిందా? ఇటువంటి దానితో పత్రికకు ఫొటోలు ఎలా తీశారు? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: కెమెరా చెడిపోలేదు, అది పుట్టుకతోనే అంత. ఫిల్ము మీద పడే బొమ్మ కొలత 24×36 మిల్లీమీటర్లు కాగా, జెనిట్-ఇ వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మీకు చూపేది అందులో 20×28 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే కుడి ఎడమల నాలుగేసి మిల్లీమీటర్లు, పైన కింద రెండేసి మిల్లీమీటర్లు మీ కంటికి ఆనకుండానే ఫిల్ము మీదికి చేరుతాయి. ఆరంగుళాల వెడల్పు ప్రింటులో ఆ లెక్క ఒక్కో పక్కన అర అంగుళం దాటుతుంది. మీ కరెంటు స్తంభం నిలబడ్డది ఆ అర అంగుళంలోనే. పత్రికలకు పనిచేసిన మాకు ఇది పెద్ద లోపంగా అనిపించలేదు. ఎందుకంటే డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు ఎలాగూ రెండు కాలమ్‌లకో మూడు కాలమ్‌లకో సరిపోయేలా అంచులు కోసేవాడు. కోయడానికి నాలుగు వైపులా కొంత అదనపు మేర ఉండడం ఆయనకు మేలే. మీరు చేయవలసిందల్లా ఒక అడుగు ముందుకు జరిగి, విషయాన్ని వ్యూఫైండర్ నిండా పట్టించడం.

అసలు ఇబ్బంది లెన్సు దగ్గర ఉంది. హీలియోస్ 44-2 మీద అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) కోసం రెండు రింగులు ఉంటాయి. ఒకదాని మీద ఎఫ్/8 అని నిర్ణయించుకుంటాం, రెండోదాన్ని తిప్పి లెన్సును ఎఫ్/2 దాకా పూర్తిగా తెరిచి, ఆ వెలుతురులో ఫోకస్ చేసుకుంటాం. ఆ తర్వాత అదే రింగును ఆగేదాకా వెనక్కి తిప్పి, అప్పుడు బటన్ నొక్కాలి. ఇప్పటి కెమెరాల్లో ఈ మూసే పని బటన్ నొక్కగానే దానంతటదే జరిగిపోతుంది. ఇక్కడ అది మన వేళ్ల పని. మరిచిపోతే ఎఫ్/8కి బదులు ఎఫ్/2 దగ్గర, అంటే పదహారు రెట్లు ఎక్కువ వెలుతురు ఫిల్ము మీద పడుతుంది.

ఈ మరుపు నాకు ఒకసారి బాగా గుర్తుండేలా తగిలింది. ఫ్లోరైడ్ నీళ్ల బాధితుల గురించి ఒక విలేకరితో కలిసి మర్రిగూడ వైపు వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చున్న ఒక పెద్దమనిషి మెడ పక్కకు తిప్పలేక, నన్ను చూడడానికి మనిషంతా తిరుగుతున్నాడు. ఆ తిరగడం చూస్తూ రింగు సంగతి మరిచిపోయి, వరుసగా ఆరు ఫ్రేములు ఎఫ్/2 మీదే కొట్టాను. వెలుతురు ఎక్కువ పడితే నెగెటివ్ నల్లబడుతుంది; రాత్రి రీలు కడిగితే ఆ ఆరూ బొగ్గు ముక్కల్లా నల్లగా ఉన్నాయి. బల్బుకు ఎదురుగా పెడితే గానీ లోపల మనిషి ఉన్నట్టు తెలియదు. ఎన్లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) కింద మామూలుగా పది సెకన్లు పట్టే ప్రింటుకు మూడు నిమిషాలకు పైగా వెలుతురు పోసి, ఒక్కటంటే ఒక్కటి తీయగలిగాను. దాన్ని కవరులో పెట్టి హైదరాబాదు పోయే రాత్రి బస్సు కండక్టరు చేతికి ఇచ్చాను. అచ్చయింది కూడా, కాని ముఖం మీది ముడతలు అందులో లేవు.

మూడో సంగతి ఫ్లాష్. జెనిట్-ఇ షట్టర్ (ఫిల్ము ముందు క్షణం సేపు తెరుచుకునే తెర) వేగాలు సెకనులో 1/30 వంతు నుంచి 1/500 వంతు వరకు ఉన్నా, ఫ్లాష్ పనిచేసేది 1/30 దగ్గర మాత్రమే. మధ్యాహ్నపు ఎండలో తలపాగా కింద ముఖం నల్లబడితే, ఈ రోజుల్లో ఫ్లాష్ వేసి ఆ నీడను తేలిక చేస్తారు. 100 ఐఎస్ఓ (ఫిల్ము వెలుతురును పట్టే శక్తిని చెప్పే అంకె) ఫిల్ముతో ఆ ఎండకు 1/125 దగ్గర ఎఫ్/16 కావాలి. 1/30కి దిగితే ఎఫ్/32 కావాలి. హీలియోస్ 44-2 మూసుకునేది ఎఫ్/16 వరకే. అందువల్ల ఎండలో ఫ్లాష్ కుదరక, నడి ఎండలో సభల ఫొటోలు తీసేవాళ్లం వక్తను తల ఎత్తేదాకా కనిపెట్టుకుని ఉండేవాళ్లం. కెమెరా పైనున్న, వెలుతురును కొలిచే సెలీనియం మీటరుకు బ్యాటరీ అక్కరలేదు గానీ, ఇన్నేళ్ల తర్వాత అది నిజం చెబుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, ఫిల్ము ఐఎస్ఓ అంకెకు దగ్గరి షట్టర్ వేగం వాడే పాత లెక్కే మీకు రక్ష.

ఇన్ని లోపాలు చెప్పాను కాబట్టి ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ లెన్సు జర్మనీ బయోటార్ లెన్సు నమూనా మీద కట్టిన మంచి గాజు. దాని 58 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం (లెన్సుకు, బొమ్మ పడే ఫిల్ముకు మధ్య దూరం) మనిషి ముఖానికి బాగా నప్పుతుంది. జెనిట్-ఇ కెమెరాలు 30 లక్షలకు పైగా తయారయ్యాయంటే, ధర తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు.

ప్రశ్న: సోవియట్ పత్రికా ఫొటోగ్రాఫర్లు స్వయంగా ఈ కెమెరాలనే వాడేవారా? (డిగ్రీ విద్యార్థిని, సూర్యాపేట)

జవాబు: అందరూ, అన్నివేళలా కాదు. 1945 మేలో బెర్లిన్‌లోని జర్మనీ పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ మీద ఎర్రజెండా ఎగరేస్తున్న ఫొటో మీరు చూసే ఉంటారు. దాన్ని తీసిన సోవియట్ వార్తాసంస్థ టాస్ ఫొటోగ్రాఫర్ యెవ్గెనీ ఖాల్దేయ్ చేతిలో ఉన్నది జర్మనీ లైకా కెమెరా. ఓడిన దేశపు కెమెరాతో గెలిచిన దేశపు జెండా. తర్వాతి కాలంలో పత్రికల పనికి పనికొచ్చే వింత యంత్రాలు అక్కడా వచ్చాయి. లెనిన్‌గ్రాద్ అనే కెమెరాలో గడియారానికి ఉన్నట్టు స్ప్రింగు ఉంటుంది. ఒకసారి బిగిస్తే ఫిల్ము తనంతట తానే జరుగుతూ వరుసగా ఫ్రేములు తీయవచ్చు. ‘ఫొటోస్నైపర్’ అనే పెట్టెలో జెనిట్ కెమెరా, 300 మిల్లీమీటర్ల టైర్-3 లెన్సు, వాటిని భుజానికి ఆనించుకోవడానికి తుపాకి మడమ, నొక్కడానికి ట్రిగ్గర్ ఉంటాయి. నల్లమల అంచుల్లో పక్షులను తీయడానికి అది చక్కగా పనికివస్తుంది. ఎన్నికల సభకు మాత్రం పట్టుకుపోకండి. బందోబస్తులో ఉన్నవాళ్లకు అది కెమెరా అని వివరించేలోపు సభ అయిపోతుంది.

ప్రశ్న: హొరిజాంట్ అనే పనోరమా కెమెరా ఒకటి కొన్నాను. మా ఊరి పిల్లలమర్రి చెట్టును మొత్తంగా ఒకే ఫొటోలో పట్టాలని, ఆ తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్టను తీయాలని కోరిక. పరీక్షగా తీసిన రీలులో మా వీధి గోడలు విల్లులా వంగాయి, ఒక ఫొటోలో నా వేళ్లు కూడా పడ్డాయి. ఎలా తీయాలి? (ప్రభుత్వ ఉద్యోగి, మహబూబ్‌నగర్)

జవాబు: నన్నడిగితే సోవియట్ కెమెరాలన్నింటిలో నిజంగా దాచుకుని వాడదగింది ఇదే. మిగిలినవాటికి జర్మనీలోనో జపానులోనో ఇంతకంటె మంచి జోడీ దొరుకుతుంది. అంత తక్కువ ధరకు ఈ పని చేసే యంత్రం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇది 1967 నుంచి 1973 వరకు తయారైంది. దీనికి ముందు 1958లో ఎఫ్‌టీ-2 అనే అన్నగారు ఒకడున్నాడు. దాన్ని రూపొందించిన ఫ్యోదోర్ తొకరేవ్ అసలు వృత్తి పిస్తోళ్లు, రైఫిళ్లు తయారు చేయడం. 24×110 మిల్లీమీటర్ల పొడుగు ఫ్రేములతో ఒక రీలుకు పన్నెండు ఫొటోలు మాత్రమే ఇచ్చే ఆ ఇనుప డబ్బాను చేతిలో పట్టుకుంటే, చేసినవాడి పూర్వాశ్రమం తెలిసిపోతుంది.

హొరిజాంట్ ఎలా పనిచేస్తుందో మనసులో బొమ్మ కట్టుకుంటే మీ ఇబ్బందులు సగం తీరుతాయి. లెన్సు ఒక చిన్న డోలులో బిగించి ఉంటుంది. ఫిల్ము చదునుగా కాక, ఆ డోలు వెనక అర్ధచంద్రాకారంలో వంగి కూర్చుంటుంది. బటన్ నొక్కగానే డోలు ఒక పక్క నుంచి రెండో పక్కకు తిరుగుతుంది. దాని వెనకనున్న సన్నని నిలువు చీలిక గుండా బొమ్మ ఫిల్ము మీద పూత వేసినట్టు పడుతూ పోతుంది. లెన్సు ఫోకల్ దూరం 28 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తం చుట్టుకొలత సుమారు 176 మిల్లీమీటర్లు కదా, అందులో మూడో వంతు, అంటే 120 డిగ్రీల మేర, 58 మిల్లీమీటర్లు దాటుతుంది. మీ నెగెటివ్ ఫ్రేము 24×58 ఎందుకయిందో ఈ లెక్క చెబుతుంది. మామూలు కెమెరాకు అదే 28 లెన్సు తగిలిస్తే అడ్డంగా పట్టేది సుమారు 65 డిగ్రీలు మాత్రమే.

గోడ విల్లులా వంగడం కూడా ఈ తిరుగుడు వల్లే. నిడుపాటి గోడకు ఎదురుగా నిలబడితే మధ్యభాగం మీకు దగ్గర, రెండు కొసలు దూరం. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనిపించాలి కదా, కాబట్టి కంటి మట్టానికి పైనున్న గీత మధ్యలో పైకి ఉబ్బుతుంది, కంటి మట్టానికి కిందనున్న గీత మధ్యలో కిందికి జారుతుంది. సరిగ్గా కంటి మట్టంలో ఉన్న గీత ఒక్కటే తిన్నగా నిలుస్తుంది. సాగర్‌లో ఆనకట్టకు ఎదురుగా ఎత్తైన చోట నిలబడితే ఆ కట్ట గీత మధ్యలో కిందికి సాగిన విల్లు అవుతుంది. ఆ వంపు మీకు నచ్చకపోతే కట్టకు ఎదురుగా కాకుండా ఒక కొస నుంచి, కట్ట మీ నుంచి దూరంగా పోతున్నట్టు కనిపించే చోటు వెతుక్కోండి. అక్కడ భద్రతా ఏర్పాట్లు ఉంటాయి కాబట్టి సిబ్బందిని ముందే అడగండి. కెమెరాను కిందికి వంచితే దిగంతం గుట్టలా పైకి ఉబ్బుతుంది, పైకెత్తితే గిన్నెలా దిగబడుతుంది. వ్యూఫైండర్‌లో కనిపించే నీటిబుడగ మట్టం అందుకే పెట్టారు. బటన్ నొక్కే క్షణంలో మీ కన్ను దృశ్యం మీద కంటె ఆ బుడగ మీద ఉండడం మంచిది.

పిల్లలమర్రి ఈ కెమెరా కోసమే ఊడలు దించిందా అనిపిస్తుంది. అక్కడ తిన్నని గీత ఒక్కటీ లేదు. వంగినవి ఇంకాస్త వంగితే ఎవరికీ తెలియదు. సుమారు మూడెకరాల మేర పరచుకున్న ఆ చెట్టును బయటి నుంచి తీస్తే పొద దట్టంగా పెరిగినట్టు ఉంటుంది తప్ప మర్రి అనిపించదు. ఊడల వరసకు వీలైనంత దగ్గరగా నిలబడి, రెండు పక్కలా కొమ్మలు ఫ్రేము దాటి పోయేలా తీస్తేనే దాని విస్తృతి తెలుస్తుంది. 2018లో చెదలు సోకినప్పుడు ఆ కొమ్మలకు ఆసుపత్రి సెలైన్ సీసాల మాదిరిగా మందు సీసాలు వేలాడదీసి చికిత్స చేశారు. చెట్టు కాపాడడానికి కట్టిన కంచెను దాటే ప్రయత్నం మాత్రం చేయకండి. దానికి ఇవతలి నుంచి కూడా 120 డిగ్రీల కెమెరాకు కావలసినంత దొరుకుతుంది. కష్టమంతా వెలుతురుతోనే. మధ్యలో నీడ, రెండు కొసల్లో ఎండ ఉంటే, ఒకే ఎక్స్‌పోజరు (ఫిల్ము మీద పడనిచ్చే వెలుతురు) రెండింటికీ సరిపోదు. కాబట్టి మబ్బు పట్టిన ఉదయం వెళ్లండి. 400 ఐఎస్ఓ నలుపు-తెలుపు రీలుతో, ఎఫ్/8, 1/60 దగ్గర మొదలుపెట్టి, వెలుతురు కాస్త ఎక్కువ చేసి ఒకటి, తక్కువ చేసి ఒకటి, మొత్తం మూడు తీయండి. లెన్సు ఫోకస్ మార్చే వీలు లేదు కనుక, అపర్చర్ బాగా తెరిచి తీస్తే మీకు దగ్గరగా వేలాడే ఊడ మసకబారుతుంది. కెమెరాలో ఉన్న అతి తక్కువ వేగం 1/30, కాబట్టి పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం గర్భగుడి లాంటి చీకటి చోట్లకు దీన్ని తీసుకుపోయి ఉపయోగం లేదు.

మీ వేళ్లు పడడానికి కారణం, 120 డిగ్రీలంటే మనం ఊహించుకునే దానికంటె చాలా పక్కకు చూసే చూపు కావడమే. కెమెరాతో వచ్చే పిడిని కింద బిగించి పట్టుకోండి. పిడి లేకపోతే వేళ్లు ముందుకు రాకుండా రెండు అంచులనూ వెనక నుంచి పట్టుకోండి. నడిచే మనుషులు, బస్సులు ఫ్రేములో ఉంటే ఇంకో తమాషా జరుగుతుంది. ఎడమ కొస, కుడి కొస ఒకే క్షణంలో పడవు గనుక, డోలు తిరిగే వైపుకే పోతున్న బస్సు సాగుతుంది, ఎదురుగా వచ్చేది కుదించుకుపోతుంది. ఫొటోలో నిలువు చారలు కనిపించాయా అన్నది మీరు రాయలేదు. కనిపిస్తే లోపలి గ్రీజు ఎండిపోయి డోలు ఆగి ఆగి తిరుగుతున్నట్టు లెక్క. ఫిల్ము లేకుండా పదిహేను ఇరవై సార్లు తిప్పి చూడండి, అప్పటికీ పోకపోతే విప్పడం తెలిసినవారి చేతికి ఇవ్వండి. నూనె మాత్రం పోయవద్దు.

ప్రశ్న: నా జోర్కి-4తో తీసిన ఫొటోల్లో తెల్లని చుక్కలు వస్తున్నాయి. కొన్నింటిలో గట్టిగా, కొన్నింటిలో లీలగా. ఫిల్ము మార్చినా పోలేదు. (ఫొటో స్టూడియో యజమాని, మిర్యాలగూడ)

జవాబు: కెమెరాకు ఎండదెబ్బ తగిలింది. జోర్కి, ఫెడ్ కెమెరాల్లో లెన్సుకు, షట్టరుకు మధ్య జెనిట్‌లో ఉన్నట్టు ఎండను అడ్డుకునే అద్దం ఉండదు. షట్టర్ తెర రబ్బరు పూసిన గుడ్డ. మూత పెట్టకుండా కెమెరాను బల్ల మీద ఆకాశం వైపు పెట్టి వదిలేస్తే, లెన్సు భూతద్దంలా పనిచేసి ఎండను ఆ గుడ్డ మీద చుక్కగా కూడగడుతుంది. మన మే నెల ఎండకు గుడ్డ కాలడానికి ఎంతోసేపు పట్టదు. ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య మూత లేకుండా ఎంతసేపు తిరిగారో, చుక్క అంత గట్టిగా పడుతుంది. చీకటి గదిలో లెన్సు తీసి, వెనక తలుపు తెరిచి, తెర ముందు టార్చి వేసి చూడండి; నక్షత్రాల్లా కనిపిస్తాయి. చిన్న రంధ్రమైతే గుడ్డకు వేసే నల్ల రంగు సన్నని కుంచెతో ఒక్క చుక్క పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి వాడవచ్చు. ఎక్కువైతే తెర మార్పించాల్సిందే. కీవ్ కెమెరాలో తెర లోహపుది కాబట్టి ఈ బెడద లేదు. ఇంకో జాగ్రత్త: జోర్కి-4లో షట్టర్ వేగాన్ని ఫిల్ము తిప్పిన తర్వాతే మార్చాలి. ముందుగా మార్చితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. మీ స్టూడియోలో కుర్రవాళ్లు ఎవరైనా దాన్ని ముట్టుకుంటూ ఉంటే ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: హైదరాబాదులో ఒక పాత సామాన్ల వ్యాపారి బంగారు రంగు లైకా చూపించాడు. మీద గద్ద బొమ్మ, జర్మన్ సైన్యం ముద్ర ఉన్నాయి. లక్షన్నర అడుగుతున్నాడు. మా అన్న కొనమంటున్నాడు. (ఒక పాఠకుడు, వనపర్తి)

జవాబు: మీ అన్నగారిని ఒక వారం ఆపండి. ఫెడ్, జోర్కి కెమెరాల తొలి నమూనాలు లైకా-2కు నకళ్లుగా పుట్టినవే. ఖార్కివ్‌లో అంతోన్ మకారెంకో అనే విద్యావేత్త నడిపిన అనాథ బాలల కమ్యూన్‌లో 1934 నుంచి ఫెడ్ తయారైంది. ఆ మూడక్షరాలు కమ్యూన్‌కు పేరిచ్చిన సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడు ఫెలిక్స్ ఎద్ముందోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోవి. జోర్కి 1948లో వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో కొందరు వాటి పేర్లు చెరిపేసి, బంగారు పూత వేసి, గద్ద బొమ్మలు చెక్కి లైకాలుగా అమ్మడం మొదలుపెట్టారు. గుర్తుపట్టడానికి లెన్సు విప్పి లోపల పైభాగం చూడండి. దూరాన్ని కొలిచే మీట కొసన గుండ్రని చిన్న చక్రం ఉంటే అది లైకా కావడానికి అవకాశం ఉంది. చక్రానికి బదులు చీలికలా చెక్కిన మొద్దు కొస ఉంటే అది ఫెడ్ లేదా జోర్కి. లెన్సు విప్పనివ్వనని వ్యాపారి అంటే జవాబు అక్కడే దొరికింది. నకిలీ అయినా ఫొటోలు తీస్తుంది, ఆ మాట నిజమే. మామూలు ఫెడ్ ధరకు ఇస్తే తీసుకుని, బంగారం చూసి మురిసిపోవచ్చు.

ప్రశ్న: ‘39 మిల్లీమీటర్ల మర’ అని చూసి ఒక పాత ఇండస్టార్ లెన్సు, దాన్ని నా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాకు తగిలించే అడాప్టర్ రింగు కొన్నాను. ఎంత తిప్పినా ఏ దూరానికీ ఫోకస్ కుదరడం లేదు. (పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, దేవరకొండ)

జవాబు: మర ఒకటే, కొలత వేరు. జోర్కి, ఫెడ్ లెన్సులు ఫిల్ముకు 28.8 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. తొలి జెనిట్ కెమెరాల లెన్సులకు కూడా అదే 39 మర పెట్టారు గానీ, మధ్యలో అద్దం ఉన్నందున వాటి దూరం 45.2 మిల్లీమీటర్లు. మీరు కొన్నది జెనిట్ లెన్సు, అడాప్టర్ జోర్కిది. తేడా 16.4 మిల్లీమీటర్లు, ఆ మేర రింగులు మధ్యలో బిగిస్తే లెన్సు పనిచేస్తుంది. కెమెరా మెనూలో ‘లెన్సు లేకుండా షట్టర్’ అనే ఎంపికను కూడా తెరిచి ఉంచండి. తర్వాతి కాలపు జెనిట్ లెన్సులు 42 మిల్లీమీటర్ల మరవి కాబట్టి వాటితో ఈ గందరగోళం రాదు.

ప్రశ్న: వానాకాలంలో లెన్సుల్లో బూజు పడుతోంది. బియ్యం డబ్బాలో దాచమని ఒకరు చెప్పారు. (గృహిణి, నాగర్‌కర్నూల్)

జవాబు: బియ్యం వద్దు; దాని పొడి లెన్సు మరల్లోకి దిగుతుంది. గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలి రంగు గింజలు గులాబీ రంగుకు మారితే, గింజలను మాత్రమే పాత పెనం మీద సన్నని సెగన మళ్లీ నీలిరంగు వచ్చేదాకా వేడి చేసి వాడుకోవచ్చు. ఆ పెనాన్ని తిరిగి వంటకు వాడవద్దు. కెమెరాతో వచ్చిన తోలు సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది. దాన్ని విడిగా, గాలి తగిలే చోట పెట్టండి.